తెలుగు కీబోర్డు యాప్‌లు తయారుచేసేవాళ్ళకు కడప నుంచి ఒక బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో నాకు చిన్న సెల్ సర్వీసింగ్ షాపు ఉంది. పన్నెండేళ్ళుగా ఇదే పని. పగిలిన డిస్‌ప్లేలు, వదులైన చార్జింగ్ పిన్‌లు, నీళ్ళ తొట్లో పడిన ఫోన్లు, ఇవే మా ఇంటికి కూడు పెడుతున్నాయి. వీటి మధ్యలో రోజుకు ఒకరిద్దరు "ఫోన్ చెడిపోయింది" అని వస్తారు. చేతిలోకి తీసుకుని చూస్తే ఫోన్‌కు ఏమీ ఉండదు. కీబోర్డు లేవదు. లేచినా తెలుగు రాదు. తెలుగు వచ్చినా ఒత్తు పడదు. ఈ పనికి నేను డబ్బులు తీసుకోను. ఐదు నిమిషాల పని కదా అని మొదలుపెట్టాను, ఇప్పుడు ఒక్కో రోజు గంటసేపు దానికే పోతోంది.

మీలో పెద్ద కంపెనీల్లో జీతానికి పనిచేసేవాళ్ళు ఉంటారు, రాత్రిళ్ళు మేలుకుని తయారుచేసి జనానికి ఊరికే ఇచ్చేవాళ్ళూ ఉంటారు. అందరికీ కలిపే రాస్తున్నాను. ఫోన్‌తో వచ్చిన కీబోర్డు చాలక, వెతికి వెతికి మీది వేసుకున్నవాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. తెలుగులోనే రాయాలని పట్టుదల ఉన్నవాళ్ళు. వాళ్ళకు జరిగే నష్టం మీ దాకా రాదు. ప్లేస్టోర్‌లో ఇంగ్లీషులో రివ్యూ పెట్టడం వాళ్ళకు రాదు. నా బల్ల దాకా మాత్రం వస్తుంది. అందుకే నేను రాయాల్సి వచ్చింది.

మొన్న ఎండాకాలంలో ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన తెలుగు పండితులు. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీకి పోయి వస్తూ అప్పుడప్పుడు నా షాపు ముందు ఆగి మంచినీళ్ళు తాగి పోతారు. ఆ రోజు ఆగలేదు, నేరుగా లోపలికి వచ్చి ఫోన్ బల్ల మీద పెట్టారు. "నిన్నంతా గీత కొట్టుకుంటా ఉండె నాయనా, పలక మాత్రం లేయలేదు. మా మనవడు ఏందో ఒత్తినాడు. పలక లేచింది గానీ నా మాటలు పోయినాయి" అన్నారు. గీత అంటే కర్సర్. పలక అంటే మీ కీబోర్డు.

ఏం జరిగిందో చూస్తే అర్థమైంది. ముందురోజు రాత్రి యాప్ తనంతట తాను అప్‌డేట్ అయింది. అప్పటినుంచి ఎక్కడ వేలు పెట్టినా "యాప్ ఆగిపోయింది" అని వస్తోంది. పిల్లవాడు యూట్యూబ్‌లో చూసి సెట్టింగ్స్‌లోకి పోయి క్లియర్ డేటా కొట్టాడు. కీబోర్డు లేచింది. దాంతో పాటు మూడేళ్ళుగా సార్ ఆ కీబోర్డుకు నేర్పిన మాటలన్నీ తుడుచుకుపోయాయి.

ఆ మాటలేవో మీకు చెప్పాలి. ఆయన పద్యాలు రాస్తారు. పద్యానికి అరసున్న కావాలి, బండి ఱ కావాలి. నా ముందే "వాఁడు" అని కొట్టి చూపించారు. వ కొట్టి, దీర్ఘం ఇచ్చి, అరసున్న ఎక్కడుందో వెతికారు. సున్న మీద నొక్కి పట్టుకుంటే పైకి ఒక చిన్న పెట్టె వచ్చింది, అందులో మూడోది అరసున్న. వేలు వణికి పక్కదాని మీద పడింది. తుడిచి మళ్ళీ నొక్కిపట్టారు. మూడోసారికి పడింది. ఒక్క మాటకు నిమిషం పట్టింది. అంతకుముందు "వా" కొట్టగానే ఆ మాట పైన వరుసలో వచ్చేసేదట. "ఎఱుక", "వెఱపు", "వాఁడు", "నేఁడు", చుట్టాల పేర్లు, రేనాటి పల్లెల పేర్లు, ఒక్కోటీ ఓపిగ్గా కొట్టి నేర్పించుకున్నారు. అన్నీ పోయాయి.

వాటిని వెనక్కి తేగలవా అని అడిగారు. లేదు సార్ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కలమళ్ళలో రాతి మీద చెక్కింది పద్నాలుగు వందల ఏళ్ళ పైన ఉండాది. నేను రాసుకుంది మూడేళ్ళన్నా ఉండలేదు" అన్నారు. కలమళ్ళ మా జిల్లాలోనే, ఎర్రగుంట్ల దగ్గర. ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదని చెప్పేది అక్కడిదే, క్రీ.శ. 575 నాటిది. నా దగ్గర జవాబు లేదు. జవాబు మీరు చెప్పాలి.

సెట్టింగ్స్‌లో ఆ రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి క్లియర్ క్యాష్, అది ఒత్తితే ఏమీ పోదు, తాత్కాలికంగా పోగైన చెత్త మాత్రమే పోతుంది. ఇంకొకటి క్లియర్ డేటా, కొన్ని ఫోన్లలో క్లియర్ స్టోరేజ్ అని ఉంటుంది. అది ఒత్తితే కొత్తగా వేసుకున్నప్పటి స్థితికి పోతుంది. ఆ బటన్లు పెట్టింది మీరు కాదు, ఆండ్రాయిడ్‌వాళ్ళు. నాకు తెలుసు. కానీ నేర్పిన మాటలను ఒక ఫైల్‌గా బయటికి తీసి దాచుకునే వీలు ఇవ్వడం మీ చేతిలో ఉంది. హీలీబోర్డు అనే ఉచిత కీబోర్డు ఆ పని చేస్తుంది, సెట్టింగులూ నేర్చుకున్న మాటలూ బ్యాకప్ తీసి మళ్ళీ ఎక్కిస్తుంది. దానికి ఇంటర్నెట్ అనుమతి కూడా లేదు. అంత చిన్న ప్రాజెక్టు చేయగలిగింది మిగతావాళ్ళకు కష్టం కాదు. నెలకొకసారి "మీరు నేర్పిన మాటలు దాచిపెట్టమంటారా?" అని తెలుగులో ఒక్క ప్రశ్న అడగండి, చాలు. అకౌంట్ తెరిస్తేనే దాచిపెడతాం అనకండి. పెద్దవాళ్ళకు పాస్‌వర్డ్‌లు గుర్తుండవు, మనవళ్ళ జీమెయిల్‌తో ఫోన్ నడిపేవాళ్ళు సగం మంది.

ఇంకో సంగతి. ఇది నాకు నిజంగా టెన్షన్ పెట్టిన కేసు.

ఒక ఆటో అన్న వచ్చాడు. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాడు, పాస్‌వర్డ్ అడుగుతోంది, కొట్టడానికి కీబోర్డు లేదు. తెల్లటి గీత, కింద ఖాళీ. ఏడాది కిందట మీలో ఒకరి యాప్ వేసుకున్నప్పుడు, ఫోన్‌తో వచ్చిన కీబోర్డు మధ్యలో దూరుతోందని దాన్ని డిసేబుల్ చేసేశాడు. అతనికి ఎవరూ చెప్పలేదు, ఫోన్ ఆన్ అయిన తర్వాత మొదటిసారి లాక్ తీసేదాకా లోపలి డేటా అంతా తాళం వేసి ఉంటుందని. ఆ సమయంలో పనిచేసేలా ప్రత్యేకంగా రాసిన యాప్‌లే లేస్తాయి. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏర్పాటు అది, డైరెక్ట్ బూట్ అంటారు. అతని కీబోర్డును అలా రాయలేదు. ఉన్నదాన్ని అతనే మూసేశాడు. ఇంకో షాపులో ఫోన్ మొత్తం రీసెట్ కొట్టాలని చెప్పారట. పోయిన నెల చనిపోయిన వాళ్ళమ్మ ఫోటోలు అందులోనే ఉన్నాయి, వేరే చోట ఎక్కడా లేవు.

నాకు అప్పుడు తట్టింది. కంప్యూటర్ కీబోర్డునో పెన్‌డ్రైవ్‌నో ఫోన్‌కు కలిపే ఓటీజీ పిన్ ఒకటి తీసుకుని, మా పాప కంప్యూటర్ కీబోర్డు ఇంటి నుంచి తెప్పించి ఫోన్‌కు తగిలించాను. ఆ అన్న ఒక్కో అక్షరం చెబుతుంటే ఒక్కోటీ కొట్టాను. ఎంటర్ నొక్కాను. తెరుచుకుంది. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ముందు ఫోటోలు మెమొరీ కార్డులోకి ఎక్కించి, ఫోన్ కీబోర్డును మళ్ళీ ఎనేబుల్ చేసి పంపించాను.

ఈ ఉత్తరం చదివే సర్వీసింగ్ తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి, రీసెట్ కొట్టేముందు ఓటీజీ పెట్టి చూడండి. డెవలపర్లు మీరు రెండు పనుల్లో ఒకటి చేయండి. మీ కీబోర్డు లాక్ స్క్రీన్ మీద కూడా లేచేలా రాయండి. లేదంటే, మొదటిసారి వేసుకున్నప్పుడే "ఫోన్‌తో వచ్చిన కీబోర్డును ఎప్పుడూ డిసేబుల్ చేయకండి" అని పెద్ద అక్షరాలతో తెలుగులో చెప్పండి.

భయం గురించి కూడా రాయాలి. మీ యాప్‌ను ఆన్ చేయగానే ఆండ్రాయిడ్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఈ కీబోర్డు మీరు టైప్ చేసేదంతా, పాస్‌వర్డ్‌లూ కార్డు నంబర్లూ సహా, సేకరించగలదు అని. పొదుపు సంఘంలో పనిచేసే ఒక అక్క అది చదివి భయపడి ఫోన్ తెచ్చింది. "అన్నా, మా సంఘం డబ్బులు ఈ ఫోన్లోనే పంపిస్తాను. నా పిన్ వీళ్ళకు తెలిసిపోతాదా?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. ఆ హెచ్చరిక ఏ కీబోర్డు వేసినా వస్తుంది. యూపీఐ పిన్ కొట్టే చోట వచ్చే అంకెల పలక మీది కాదు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐవాళ్ళది, అక్కడ బయటి కీబోర్డుకు పని లేదు. ఐఫోన్‌లో బయటి కీబోర్డులు 2014లో వచ్చాయి, అందులో పాస్‌వర్డ్ గడి దగ్గర ఫోన్ తన సొంత కీబోర్డునే తెస్తుంది. అయితే ఆండ్రాయిడ్‌లో కార్డు నంబరు, బ్యాంకు వెబ్‌సైట్ పాస్‌వర్డ్, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకునే మాటలు మీ కీబోర్డు మీదుగానే పోతాయి. అది కూడా దాచకుండా చెప్పాను. ఆమె కార్డు నంబరు కొట్టేటప్పుడు కింద మూలన ఉన్న చిన్న కీబోర్డు బొమ్మ నొక్కి ఫోన్ కీబోర్డుకు మార్చుకోవడం నేర్చుకుని పోయింది.

ఆ అక్క భయం ఉత్తది కాదు. 2017 డిసెంబరులో ఏఐ టైప్ అనే కీబోర్డు వాడిన 3 కోట్ల 10 లక్షల మంది వివరాలు పాస్‌వర్డ్ కూడా లేని సర్వర్‌లో బయటపడ్డాయి. ఫోన్ నంబర్లు, ఊళ్ళు, కాంటాక్టుల్లో ఉన్న పేర్లు కూడా అందులో ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ చైనా భాష టైప్ చేసే కీబోర్డులను పరీక్షించింది. తొమ్మిది కంపెనీలవి చూస్తే ఎనిమిదింటిలో లోపం దొరికింది, జనం కొట్టిన అక్షరాలను దారిలో వేరేవాళ్ళు చదవగలిగేలా ఉన్నాయి. ఒక కీబోర్డు నా కాంటాక్టులు ఎందుకు అడుగుతోంది? లొకేషన్ దానికి ఎందుకు? కారణం ఉంటే మామూలు తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పండి. కారణం లేకపోతే అడగడం మానేయండి. మీ ప్రైవసీ పాలసీ ఎనిమిది పేజీల ఇంగ్లీషు. కీబోర్డు తెలుగుది, ఒప్పందం మాత్రం మా అక్క చదవలేని భాషలో ఉంది. ఇది న్యాయం కాదు.

భాష దగ్గరికి వస్తే చెప్పాల్సింది చాలా ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి మా పిల్లలకు బాగా నచ్చింది, నేనూ వాడతాను. కానీ అందులో త, ట ఒకటే, ద, డ ఒకటే. మాకు ఇష్టమైన మాటలు మీ జాబితాలో లేకపోతే మీ కీబోర్డు తనకు తెలిసిన మాట పెట్టేస్తుంది. "సంగటి" కొడితే "సంగతి" వస్తుంది. చిల్లరంగడికి పంపే చీటీలో "కందిబేడలు" కాస్తా "బేడీలు" అవుతుంది. బేడలు అంటే పప్పు. ఉగ్గాని, చెనిక్కాయలు, అలసందలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరు, ఒక్కోదాన్ని మా దగ్గర ఒక్కొక్కరు విడివిడిగా నేర్పించుకోవాలి. నేర్పిన తర్వాత క్లియర్ డేటా కొడితే మళ్ళీ మొదటికి. మీరు జాబితా తయారుచేసేది పత్రికల నుంచో వెబ్‌సైట్ల నుంచో అయితే అందులో రాయలసీమ ఇంట్లో మాట్లాడే మాట తక్కువే పడుతుంది. మా మాటలు తప్పులని మీ యాప్ ఎర్రగీత గీస్తుంటే, పిల్లలు వాటిని రాయడం మానేస్తారు. నా కళ్ళ ముందే మానేస్తున్నారు. మా పాప "సంగటి" అని రాయడం మానేసి "ముద్ద" అని రాస్తోంది, అది తేలిగ్గా వస్తుందని.

తుడిచే బటన్ గురించి. "లక్ష్మి" అనే పేరు చూడండి. కంటికి రెండు అక్షరాలు. ఫోన్ లోపల ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మీలో కొందరి కీబోర్డులో ఒకసారి తుడిస్తే "క్ష్మి" అంతా పోతుంది, కొందరి దాంట్లో గుడి ఒక్కటే పోతుంది. ఒక ఊరి పొదుపు సంఘం లెక్కలు రాసే యానిమేటరు ఇరవై మంది సభ్యుల పేర్లు కొట్టాలి, అందులో లక్ష్మీదేవులూ లక్షుమ్మలూ నలుగురైదుగురు. గుడికి బదులు గుడిదీర్ఘం పెట్టాలంటే మొత్తం తుడిచి మళ్ళీ కొట్టాల్సి వస్తే, ఆమె తప్పుతోనే వదిలేస్తుంది. బ్యాంకులో పేరు ఒకలాగా, సంఘం పుస్తకంలో ఒకలాగా తయారవుతుంది. ఒకసారి నొక్కితే చివరి గుర్తు, నొక్కి పట్టుకుంటే మొత్తం అక్షరం పోయేలా చేయండి. రెండూ కావాలి.

ఒత్తును ఆపే గుర్తు కూడా అంతే. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని మూడంతస్తులుగా వస్తుంది. చాలా కీబోర్డుల్లో ఆ గుర్తు ఎక్కడుందో నాకే తెలియడానికి చాన్నాళ్ళు పట్టింది. దాన్ని పొల్లు పక్కనే పైకి కనిపించేలా పెట్టండి. నొక్కిపట్టుకుంటే వచ్చే పెట్టెల్లో దాచిపెట్టింది మా పెద్దవాళ్ళకు లేనట్టే లెక్క.

తెలుగుతో సరిగ్గా పరీక్షించకపోతే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 2018 ఫిబ్రవరిలో జ, ఞ ఒత్తు, కనిపించని ఆ గుర్తు, దీర్ఘం కలిసిన ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూసుకుపోయాయి. కొన్నిసార్లు ఫోనే పదేపదే రీస్టార్ట్ అయింది. యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అప్పుడు వార్తల్లో "ప్రమాదకరమైన తెలుగు అక్షరం" అన్నట్టు రాశారు. నాకు చాలా బాధేసింది. లోపం అక్షరాన్ని చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. తెలుగువాళ్ళు నలుగురి చేతికి ఇచ్చి వాడించి చూసి ఉంటే ముందే దొరికేది.

చిన్న చిన్నవి తొందరగా చెప్పేస్తాను. రెండు మూడు జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లలో మీ స్టిక్కర్లు, థీమ్‌లు, ప్రకటనలు బరువవుతాయి, అక్షరం కొట్టిన సెకనుకు పడుతుంది. బ్యాటరీ సేవర్ మీ యాప్‌ను వెనకాల ఆపేస్తుంది, అందుకే ఒక్కోసారి లేవదు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో పరిమితి తీసేయమని మీరే ఒక మాట చెప్పొచ్చు. మా ఊర్లో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ పెట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. స్పేస్‌బార్ మీద వేలు జారితే భాష మారిపోతుంది, ఎలా వెనక్కి రావాలో తెలియదు. వేలు పొరపాటున తగిలి కీబోర్డు చిన్నదై స్క్రీన్ మధ్యలో తేలుతుంది. ఒక అవ్వ అది చూసి "పలక ఎండిపోయింది" అంది. మళ్ళీ మామూలుగా చేసే బటన్ దాని మీదే ఉండాలి, పేరు తెలుగులో ఉండాలి.

నా దగ్గరికి వచ్చిన ఫోన్‌కు నేను చేసే వరస కూడా చెబుతాను, మీ హెల్ప్ పేజీలో పెట్టుకోండి. ముందు ఒక్క యాప్‌లోనే లేవడం లేదా, అన్నింట్లోనా అని చూస్తాను. ఒక్కదాంట్లోనే అయితే తప్పు ఆ యాప్‌ది. అన్నింట్లో అయితే ఒకసారి రీస్టార్ట్ చేస్తాను. అయితే లాక్‌కు అక్షరాల పాస్‌వర్డ్ ఉందా, ఫోన్ కీబోర్డు ఎనేబుల్‌లో ఉందా అని ముందే చూసుకుంటాను, ఆటో అన్న కేసు తర్వాత ఇది మానలేదు. అప్పటికీ కాకపోతే సెట్టింగ్స్‌లో కీబోర్డుల జాబితా తెరిచి మీది ఆన్‌లో ఉందో లేదో చూస్తాను. తర్వాత ఫోర్స్ స్టాప్, ఆ తర్వాత క్లియర్ క్యాష్, అప్‌డేట్. ఫోన్ మనిషిని అడగకుండా క్లియర్ డేటా జోలికి పోను. "ఇందులో మీరు నేర్పిన మాటలు ఉన్నాయా?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు చాలామంది ఆగి ఆలోచిస్తారు. ఉన్నాయని అప్పుడే తెలుస్తుంది వాళ్ళకు.

మీరు కొత్త వెర్షన్ వదిలేముందు పరీక్షించడానికి మనుషులు కావాలంటే నా షాపు ఉంది. ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఆదివారం ఒంటిపూట. పాత ఫోన్లు ఆరేడు ఎప్పుడూ బల్ల మీద ఉంటాయి. సంఘాల అక్కలు, ఆటో అన్నలు, కాలేజీ పిల్లలు, ఉర్దూ ఇళ్ళవాళ్ళు వస్తూనే ఉంటారు, కొట్టి చూసి ఏది బాగుంది, ఏది లేదు అని మొహం మీదే చెబుతారు. నేను రాసి పంపిస్తాను. దానికి నాకు ఒక్క రూపాయి అక్కర్లేదు.

పండితుల సార్ మొన్న మళ్ళీ వచ్చారు. చేతిలో రెండు వందల పేజీల నోటుపుస్తకం. పోయిన మాటల్లో గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు పెన్నుతో రాసుకుంటున్నారు. అప్పటికి నూట నలభై దాకా అయ్యాయి. మాటలు బ్యాకప్ తీసుకునే కీబోర్డు వేసి ఇచ్చాను. సాయంత్రాలు లైబ్రరీ నుంచి వస్తూ ఆగుతున్నారు. ఆయన చదువుతారు, నేను కొడతాను, రోజుకు పది. నిన్న "ఎఱుక" దగ్గర ఆపాం.

ఇట్లు,
ఒక సెల్ సర్వీసింగ్ మెకానిక్,
ఏడు రోడ్లు, కడప.